రంగు కింది పని

బెల్లంపల్లిలోనైనా, ఏ సింగరేణి ఊళ్లోనైనా బండికి రంగు వేయించేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీ రంగు, ఎంత మెరుస్తుంది అనే. అసలు అడగాల్సింది దాని కింద ఏం వేస్తున్నారని. క్లియర్ కోటు కింద ఉండే అసలు రంగు పొర ఆరాక 15 నుంచి 20 మైక్రాన్లే ఉంటుంది. పుట్టీ రుద్దే 80 నంబరు ఎమరీ పేపరులో ఒక్కో రేణువు సగటున 200 మైక్రాన్లు. అది గీసిన గీతల్ని అంత పలుచని రంగు ఎలా పూడుస్తుంది? పైగా మెరుపు ఎంత ఎక్కువైతే లోపం అంత బయటపడుతుంది.

ఆ గీతల్నీ, పుట్టీలోని సూది రంధ్రాల్నీ పూడ్చడానికే ఫిల్లర్ ప్రైమర్. సొట్ట పూడ్చే పని పుట్టీదే. ప్రైమరును మందంగా దట్టించి సొట్ట పూడ్చాలని చూస్తే థిన్నర్ లోపలే చిక్కుకుని తర్వాత పగుళ్లొస్తాయి. హార్డెనర్ కలిపిన ప్రైమర్ రెండు మూడు కోట్లు, ఒక్కోటి కాస్త ఆరనిచ్చి కొట్టాలి. పూర్తిగా గట్టిపడ్డాక పైన నల్లరంగు పల్చగా చల్లి, చెక్క దిమ్మకు 400 నంబరు పేపరు చుట్టి రుద్దితే ఉపరితలం తన లెక్క తానే చెబుతుంది. నలుపు మిగిలిన చోట పల్లం, ముందే ప్రైమరు పోయి రేకు తేలిన చోట ఎత్తు. చేతికి తెలియని తేడా కంటికి కనపడుతుంది. ఈ ఒక్క పని వదిలేసిన షెడ్డులో ఎంత ఖరీదైన రంగు వేసినా దండగే అంటాను.

బొగ్గు ఊళ్లలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. జిడ్డుతో కలిసి అంటుకున్న బొగ్గు పొడిని రుద్దడానికి ముందే క్లీనరుతో తుడవాలి. లేకపోతే ఆ జిడ్డును మనమే గీతల్లోకి ఎక్కించినట్టవుతుంది. పుట్టీ నీళ్లు పీలుస్తుంది కాబట్టి దాన్ని తడిపి రుద్దకూడదు. లోపల మిగిలిన తేమే తర్వాత బుడగై లేస్తుంది, రేకును తుప్పు పట్టిస్తుంది. రేకు బయటపడ్డ చోట ముందు ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. తుప్పును ఆపడం ఫిల్లర్ ప్రైమర్ ఒక్కదానివల్ల కాదు.

ఆటో ఒక రోజు ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే, త్వరగా ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్ చాలదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎన్‌సీ ప్రైమర్ ఆరేది థిన్నర్ ఎగిరిపోవడం వల్లే. పైరంగులోని థిన్నర్ తగిలితే మళ్లీ మెత్తబడి, తర్వాత కుంగి, పాత గీతల్ని పైకి తెస్తుంది. మళ్లీ రంగు వేయించాల్సి వస్తే పోయేది ఇంకో రోజు కూలి. బొగ్గు మోసే టిప్పర్ తొట్టికి మాత్రం ఈ నునుపు అక్కర్లేదు, తుప్పు పట్టకుండా చూస్తే చాలు.

ఫిల్లర్ ప్రైమరులో కలిపే హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెస్తాయి. ముక్కుకు కట్టే గుడ్డ వాటిని ఆపలేదు. గని దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తెలిసిన ఈ ఊళ్లలో, స్ప్రే కొట్టే కుర్రాడికి బయటి గాలి అందించే మాస్కు ఖరీదును కూడా బిల్లులో కలిపి అడగాలి, బండి యజమాని బేరమాడకుండా ఇవ్వాలి.