కొలిమికున్న కాపలా చేనుకూ కావాలి

బెల్లం వండే రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అనకాపల్లి వైపు గానుగ దగ్గర పెనంలో రసం కుతకుత ఉడుకుతుంటే వండే మనిషి దాని మీంచి కన్ను తియ్యడు. చుక్క పాకం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తాడు. ఉండ గట్టిగా నిలిస్తే పెనం దించుతాడు. ముందే దించితే దిమ్మ కట్టదు. ఆలస్యమైతే మాడి రంగు చెడుతుంది, మార్కెట్లో ధర పడిపోతుంది. ఆ ఉండ కట్టే సమయానికి పాకం వేడి 116 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే మన వేళ్లు చేస్తున్నది థర్మామీటరు పనే.

ఆ పక్కనే ఉన్న ఉక్కునగరంలో ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతోంది. అక్కడ పాకం ఇనుము. దాని వేడి 1,500 డిగ్రీల దరిదాపు. వేలితో చూసే వీలు లేదు, కంటితో చూసి నమ్మే వీలూ లేదు. అందుకే అక్కడ కొలత పరికరాలు కాపలా కాస్తున్నాయి. ఆ కాపలా ఎలా ఉంటుందో చూస్తే రెండెకరాల రైతుకు కూడా పనికొచ్చే సంగతులు కొన్ని దొరుకుతాయి.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ

ఇవి నదుల పేర్లూ, అమ్మవారి పేరూ మాత్రమే అనుకోకండి. విశాఖ ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు. గోదావరి 1990లో, కృష్ణ 1992లో, అన్నపూర్ణ 2012లో వెలిగాయి. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్లు, ఫ్యాక్టరీ కోసం వేల ఎకరాల పొలాలిచ్చిన పల్లెలవాళ్లు ఈ కొలిముల వెనక ఉన్నారు. ఆ నేల మీద ఒకప్పుడు మనలాంటి రైతులే దున్నుకునేవారు.

ఇలాంటి కొలిమిలోకి పైనుంచి ఇనుప ఖనిజం, కోక్ బొగ్గు వరస తప్పకుండా వేస్తారు. కింది నుంచి వేడిగాలి ఊదుతారు. ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి ఆరకుండా మండుతూనే ఉండాలి. లోపలికి తొంగి చూడలేరు కాబట్టి గోడల్లో అక్కడక్కడ థర్మోకపుల్ అనే పరికరాలు పెడతారు. రెండు వేరు వేరు లోహాల తీగలను ఒక కొసన కలిపితే అదే థర్మోకపుల్. ఆ కొస వేడెక్కితే తీగల్లో అతి కొద్ది విద్యుత్తు పుడుతుంది. దాన్ని కంప్యూటర్ అంకెగా మార్చి కంట్రోల్ రూమ్ తెర మీద చూపుతుంది. డిజిటల్ అని మనం వింటున్న మాటకు ఇంతే అర్థం. చూసినదాన్ని అంకెగా మార్చడం, ఆ అంకెను దాచిపెట్టి నిన్నటి అంకెతో పోల్చడం.

గోడను చల్లబరిచే నీళ్లు ఎంత వేడితో లోపలికి వెళ్లి ఎంత వేడితో బయటికొస్తున్నాయో కూడా కొలుస్తారు. తేడా పెరిగితే లోపల గోడ అరిగిందేమోనని అనుమానిస్తారు. పెద్ద ఫ్యాన్లు, మోటార్ల బేరింగుల మీద అదురును కొలిచే పరికరాలు ఉంటాయి. అదురు రోజురోజుకూ పెరుగుతుంటే బేరింగు విరిగేదాకా ఆగరు. ముందే రోజు చూసుకొని ఆపి మారుస్తారు.

తేమ లెక్క వాళ్లకూ ఉంది

ధాన్యం అమ్మేటప్పుడు మనకు తేమ గొడవ ఉంటుంది కదా. కొలిమికీ అదే గొడవ. కోక్ బొగ్గు తడిగా ఉంటే తూకంలో నీళ్లు కూడా కలిసిపోతాయి. వంద కిలోలు వేశామనుకుంటే అసలు బొగ్గు తొంభై అయిదే పడొచ్చు. అప్పుడు కొలిమి చల్లబడుతుంది. అందుకని బొగ్గులో తేమ కొలిచి, ఆ మేరకు తూకం సరిచేసి వేస్తారు.

ఇదే లెక్క మనమూ వేసుకోవచ్చు. ధాన్యం కొనుగోలుకు తేమ పరిమితి 17 శాతం. మీ ధాన్యంలో 20 శాతం తేమ ఉందనుకుందాం. 75 కిలోల బస్తాలో 15 కిలోలు నీళ్లు, 60 కిలోలు పొడి సరుకు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే బస్తా సుమారు 72 కిలోల 300 గ్రాములు తూగుతుంది. అంటే మూడు శాతం తేమకు పోయేది 2 కిలోల 700 గ్రాములు. అంతకు మించి తరుగు తీస్తామంటే "ఏ లెక్కన బాబూ?" అని అడిగే హక్కు మీకుంది. లెక్క చేతిలో ఉంటేనే ఆ మాట నోటికొస్తుంది.

పరికరం ఉన్నా ప్రాణాలు పోయాయి

పరికరం పెట్టగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటే. ఆ పాఠం కూడా విశాఖలోనే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. పశువులూ పోయాయి, చెట్లు వాడిపోయాయి.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ అదే ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. ఆ ట్యాంకులో వేడి కొలిచే పరికరం అడుగు భాగంలో మాత్రమే ఉంది. మధ్యన, పైన లేదు. అడుగున చల్లగానే కనబడుతుంటే పైన వేడి ముదిరిపోయింది. చల్లబరిచే యంత్రాన్ని రోజంతా నడపడం లేదు. ఆపదలో మోగవలసిన సైరన్లు మోగలేదు.

దీన్ని గుర్తుపెట్టుకోండి. కొలత తప్పు చోట తీస్తే కొలత లేనిదానికంటే ప్రమాదం. లేనప్పుడు భయమన్నా ఉంటుంది, తప్పు అంకె చూస్తే ధీమా వస్తుంది. ధాన్యం రాశి పైన గుప్పెడు తీసి తేమ చూసుకొని ఆరిందనుకునే రైతు చేసేదీ ఇదే. పై పొర ఎండకు ఆరుతుంది, నడుమ తడి అలాగే ఉంటుంది. రాశి పైన, నడుమ, అడుగున మూడు చోట్ల తీసి చూడాలి. మట్టి నమూనా అయినా అంతే. గట్టు పక్కన, ఎరువు కుప్ప దగ్గర తీసిన మట్టి మీ చేను సంగతి చెప్పదు.

మన చేలో కాపలా

ఇప్పుడు రైతుల కోసం కూడా రకరకాల పరికరాలు వచ్చాయి. ఇంటి నుంచి సెల్‌ఫోన్‌తో మోటారు వేసే స్టార్టర్లు ఉన్నాయి. కోయంబత్తూరులోని చెరకు పరిశోధన సంస్థ నేలలో తేమ చూపే పరికరాన్ని తయారుచేసింది. నాలుగు రంగుల దీపాలతో తడి ఎప్పుడు పెట్టాలో చెబుతుంది. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. అయితే ముందు చవకైన పనులు చేసి చూడండి.

వరికి: 40 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకోండి. చెయ్యి దూరేంత వెడల్పు ఉంటే మంచిది. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ రంధ్రాలు పెట్టి, అంతమేర మడిలో దించి, లోపలి మట్టి తీసేయండి. నాట్లు వేసిన రెండు వారాల నుంచి చూడవచ్చు. పైపులో నీరు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెట్టండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీరు నిలవ ఉంచాలి. కలుపు ఎక్కువున్న మడిలో ఈ పద్ధతిని ఇంకొన్నాళ్లు ఆగి మొదలుపెట్టాలి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిన ఈ పద్ధతిలో 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది.

మోటారుకు: బాగా నడుస్తున్నప్పుడు అమ్మీటరులో ఎన్ని ఆంపియర్లు చూపుతోందో స్టార్టరు పెట్టె మీద రాసిపెట్టండి. అదే మీ కొండగుర్తు. అంతకంటే బాగా ఎక్కువైతే వోల్టేజి తగ్గిందనో, పంపు బిగిసిందనో అనుమానించాలి. బాగా తగ్గితే బోరులో నీరు దిగిపోయి ఉండొచ్చు. రెండింట్లో ఏదైనా ముందు మోటారు ఆపాలి. కాయిల్ కాలాక కారణం వెతికితే ఏం లాభం?

బోరుకు: ఇది ఒక్కడి పని కాదు, ఊరి పని. 2003లో మొదలైన ఒక పథకం కింద అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే తమ ఊరి వాన, బోర్లలో నీటి మట్టం కొలిచి రాసుకున్నారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీనికి తోడ్పడింది. రబీకి ముందు ఊరంతా కూర్చొని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేసుకునేవారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞ వేయలేదు. లెక్క కళ్ల ముందుంటే చాలామంది తామే వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు మళ్లారు.

కొనే ముందు నాలుగు ప్రశ్నలు

ఎవరైనా పరికరం అమ్మవస్తే ఈ నాలుగూ అడగండి. ఇది దేన్ని కొలుస్తుంది? చేలో ఎక్కడ పెట్టాలి? ఏ అంకె దాటితే నేను కదలాలి? కదిలి ఏం చేయాలి? నాలుగింటికీ జవాబు లేని పరికరం ఇంట్లో అలంకారమే. చెడిపోతే బాగుచేసేవాడు మండలంలో ఉన్నాడా అని అయిదోది కూడా అడిగితే ఇంకా మంచిది.

ఈ వారం ఒక పని చేయండి. ఒక నోటుపుస్తకం కొని స్టార్టరు పెట్టె దగ్గర మేకుకు తగిలించండి. తేదీ, మోటారు నడిచిన గంటలు, ఆంపియర్లు, వాన పడితే వాన. మీరు రాయలేకపోతే బడికెళ్లే పిల్లలతో రాయించండి. మూడు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే మీ బోరు సంగతి అదే చెబుతుంది. కొలిమి దగ్గర కంప్యూటర్ చేసే పని మీ చేలో ఆ పుస్తకం చేస్తుంది.