నోరు విప్పడానికీ తయారీ కావాలి



ఓపీ గది తలుపు దగ్గర మేము తరచుగా చూసే దృశ్యం ఒకటుంది. రెండు మూడు గంటలు వరుసలో కూర్చున్న పెద్దాయన లోపలికి వెళతారు. డాక్టర్ గారు "ఏమిటండీ బాధ?" అని అడుగుతారు. "నీరసంగా ఉందండీ" అంటారు ఆయన. బీపీ చూడడం, మందులు రాయడం అయిపోతుంది. తలుపు దాకా వెళ్ళిన తర్వాత వెనక్కి తిరిగి, "అన్నట్టు డాక్టర్ గారూ, మెట్లెక్కితే గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటోంది" అంటారు. నిజానికి ఆయన మొట్టమొదట చెప్పవలసిన మాట అదే. కొందరు ఆ మాట చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోతారు.

అదే పెద్దాయన అరుగు మీద కూర్చుంటే గంటసేపు గలగలా మాట్లాడగలరు. డాక్టరు ముందు, బ్యాంకు మేనేజరు ముందు, స్కూల్లో టీచరు ముందు, పెళ్ళిలో మైకు ముందు మాత్రం నోరు పెగలదు. ఇది ధైర్యం లేకపోవడం అనుకుని చాలామంది సిగ్గుపడతారు. ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో తిరిగిన అనుభవంతో చెబుతున్నాను: ఇందులో ధైర్యం పాలు తక్కువ, తయారీ పాలు ఎక్కువ. తయారీ ఎవరైనా నేర్చుకోవచ్చు.

గొంతు ఎందుకు ఎండిపోతుంది?

మన మూత్రపిండాల పైన చిన్న టోపీల్లా రెండు గ్రంథులు ఉంటాయి. ప్రమాదం ఎదురైనప్పుడు అవి అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. పాము కనబడితే పరుగెత్తడానికి శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి. ఆ క్షణంలో అన్నం అరగడం ముఖ్యం కాదు కాబట్టి లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది, కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

నలుగురి ముందు నిలబడినప్పుడు కూడా శరీరం ఇదే పని చేస్తుంది. ఎదురుగా ఉన్నది పామా, మైకా అని దానికి తేడా తెలియదు. కాబట్టి గుండె దడదడలాడినంత మాత్రాన మీలో లోపం ఉందని కాదు. బాగా మాట్లాడేవారిలో కూడా చాలామందికి ఈ దడ ఉంటుంది. మాట మొదలుపెట్టి రెండు మూడు నిమిషాలు గడిస్తే సాధారణంగా అది తగ్గుముఖం పడుతుంది.

ఒక రాత్రి నేర్పిన పాఠం

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజులవి. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు, వార్డుకు ఒకటే ఫోను. ఒక రాత్రి కాన్పయిన అమ్మాయికి రక్తస్రావం ఎక్కువగా కనిపించింది. భయపడుతూ డాక్టర్ గారికి ఫోను చేశాను. "డాక్టర్ గారూ, బాలింతకు కొంచెం బాగోలేదండీ" అన్నాను. నిద్రలో ఉన్న ఆయన, "సరే సిస్టర్, కనిపెట్టి చూడండి, పొద్దున్నే వస్తాను" అన్నారు. ఇంకేమి చెప్పాలో నాకు తోచలేదు.

పక్కనే ఉన్న మా సీనియర్ సిస్టర్ గారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. "డాక్టర్ గారూ, రెండు గంటల క్రితం కాన్పయింది. గంటలో రెండు ప్యాడ్లు పూర్తిగా తడిశాయి. నాడి 124, బీపీ 90/60. గర్భసంచి మెత్తగా ఉంది. మీరు వెంటనే రావాలి" అన్నారు. పది నిమిషాల్లో డాక్టర్ గారు వార్డులో ఉన్నారు. ఆ తల్లి బ్రతికింది, బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది.

నేను చెప్పిందీ ఆమె చెప్పిందీ ఒకే రోగి గురించే. నా మాటలో విషయం లేదు, ఆమె మాటలో ఉంది. ఆ రాత్రి ఆమె గొంతు పెంచలేదు, గొప్ప మాటలు వాడలేదు. ఏమి చెప్పాలో ముందే తెలుసుకుని ఫోను పట్టుకున్నారు, అంతే.

నాలుగు ప్రశ్నలు

తర్వాత చాలా ఏళ్ళకు, ఈ విధంగా చెప్పడానికి ఒక పద్ధతి ఉందని తెలిసింది. దానిని ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల సిబ్బంది వాడిన పద్ధతి నుంచి ఇది ఆసుపత్రులకు వచ్చింది. తెలుగులో చెప్పుకుంటే నాలుగు ప్రశ్నలు: ఇప్పుడు ఏమి జరుగుతోంది? దీనికి ముందు ఏమి జరిగింది? నాకు ఏమనిపిస్తోంది? నాకు ఏమి కావాలి?

ఈ నాలుగు ప్రశ్నలు నర్సులకే కాదు, ఇంట్లో అందరికీ పనికొస్తాయి. ఓపీకి వచ్చే అమ్మ ఇలా చెప్పవచ్చు: "బాబుకు మూడు రోజుల నుంచి జ్వరం. పోయిన నెలలో కూడా వచ్చింది, మందులు వాడితే తగ్గింది. ఈసారి మూత్రం తక్కువగా పోస్తున్నాడు, నాకు భయంగా ఉంది. ఒకసారి పూర్తిగా పరీక్ష చేయండి." అర నిమిషం మాత్రమే పట్టింది. డాక్టర్ గారికి కావలసినదంతా అందులో ఉంది.

నోరు విప్పి చెప్పడం ఆపరేషన్ థియేటరులో కూడా ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల పట్టిక ఒకటి విడుదల చేసింది. కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పాలన్నది అందులో ఒక అంశం. రోగి పేరు, చేయబోయే ఆపరేషన్, శరీరంలో ఎక్కడ చేయాలి అన్నవి కూడా పైకే చెప్పాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దీనిని పరీక్షించారు. వాటిలో ఢిల్లీ ఒకటి. 2009లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ పట్టికలో మందులు, పరికరాలు సరిచూసుకోవడం కూడా ఉంది కాబట్టి ఫలితమంతా మాటలదే అనలేము. అయినా, ఒకసారి పేరు చెప్పి నోరు విప్పిన మనిషి, తప్పు కనబడినప్పుడు రెండోసారి నోరు విప్పడానికి అంతగా జంకడు. ఇది మేము చూస్తున్నదే.

చీటీ రాసుకోండి

తయారీలో మొదటి మెట్టు కాగితం. రాత్రి పడుకునే ముందు చిన్న చీటీ మీద రేపు తప్పక చేయవలసిన మూడు పనులు రాయండి. పది రాస్తే అవి పూర్తికావు, మనసుకు దిగులు మిగులుతుంది. మూడే రాయండి. అవి అయిన తర్వాత మిగిలినవి చూసుకోవచ్చు. బుర్రలో తిరుగుతున్న పనులను కాగితం మీద పెడితే నిద్ర కూడా హాయిగా పడుతుంది.

ఆసుపత్రికి వచ్చే రోజున అదే చీటీ మీద నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకు రండి. వాడుతున్న మందుల పేర్లు కూడా రాయండి, లేదా ఆ మాత్రల అట్టలే సంచిలో వేసుకు రండి. అందరికంటే ఎక్కువ భయపెట్టే బాధను మొదటి వరుసలో రాయండి. రాయడం రానివారు ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించుకోవచ్చు. చీటీ చూసి చదివితే డాక్టర్ గారు ఏమనుకుంటారో అని సంకోచించకండి.

రోజుకు పది నిమిషాల సాధన

అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ, అక్కడికి వచ్చే యువకులకు నలుగురిలో మాట్లాడటం రావడంలేదని గమనించారు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో వారి కోసం ఒక చిన్న బృందం పెట్టారు. ఒకరు కొద్ది నిమిషాలు మాట్లాడతారు, మిగిలినవారు శ్రద్ధగా విని, బాగున్నదేమిటో, సరిచేసుకోవలసినదేమిటో స్నేహంగా చెబుతారు. టోస్ట్‌మాస్టర్స్ అనే పేరుతో అలాంటి క్లబ్బులు నేడు అనేక దేశాల్లో, మన హైదరాబాదులో కూడా ఉన్నాయి.

మనకు క్లబ్బు లేకపోయినా ఇల్లు ఉంది. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరు రెండు నిమిషాలు ఆ రోజు జరిగిన సంగతి చెప్పండి. మిగిలినవారు మధ్యలో ఆపకూడదు, నవ్వకూడదు. టీవీ కట్టేయాలి. పిల్లలకు ఇంతకంటే మంచి శిక్షణ లేదు.

వివాహంలోనో, స్త్రీల కూడికలోనో, స్కూల్లోనో మాట్లాడవలసి వస్తే మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠస్థం చేయండి. మధ్యలో చెప్పదలచిన మూడు విషయాలను మూడు మాటలుగా చీటీ మీద పెట్టుకోండి. ఇంట్లో నిలబడి, పైకి వినబడేలా మూడుసార్లు చెప్పి చూసుకోండి. మనసులో చదువుకుంటే సాధన కాదు. లేచే ముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఇలా అయిదారుసార్లు చేస్తే దడ కొంత నెమ్మదిస్తుంది. ఒక గుక్క నీళ్ళు తాగి మొదలుపెట్టండి.

చేతిపని మనసుకు సాయం

ఇంత సాధనకు ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? నా మట్టుకు నాకు లేసు అల్లికే నేర్పింది. నరసాపురం ప్రాంతపు స్త్రీలకు ఈ పని కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన క్రోషా లేసు ఎన్నో కుటుంబాలకు జీవనాధారం అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒక పువ్వు అల్లడానికి ఎన్ని ముడులు వేయాలో, తప్పితే విప్పి మళ్ళీ అల్లడం ఎలాగో ఆ పని తెలిసినవారికి తెలుసు. మాట కూడా అంతే. తడబడితే ఆగి, మళ్ళీ అందుకోవచ్చు.

అల్లికైనా, ముగ్గులైనా, బొమ్మలు వేయడమైనా, పాట సాధనైనా, రోజూ కొంచెం సేపు చేతులో గొంతో ఇష్టమైన పనిలో పడితే మనసు కుదుటపడుతుంది. తీరిక లేదంటారా? ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే విద్యార్థి 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరుతో 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి పెట్టుకున్నారు. మీరు కూడా అలాగే 25 నిమిషాలు లెక్కపెట్టుకోండి. ఆపైన మెడ, మణికట్టు, కళ్ళకు విశ్రాంతి ఇవ్వండి. షుగరు, బీపీ ఉన్నవారు ఇష్టమైన పని దొరికింది కదా అని మాత్రలు మానకూడదు.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

నలుగురిలోకి వెళ్ళాలంటే భయపడి పిల్లలు బడి మానేస్తున్నా, పెద్దలు ఉద్యోగం వదులుకుంటున్నా, నెలల తరబడి ఇల్లు కదలకపోయినా అది మామూలు బిడియం కాదు. కౌన్సెలింగుతో, అవసరమైతే మందులతో నయమయ్యే స్థితి అది. సిగ్గుపడకుండా రండి. స్టేజీ భయానికని వేరేవారి దడ మాత్రలు తీసుకుని వేసుకోకండి. అందులో కొన్ని ఆస్తమా ఉన్నవారికి ప్రాణాపాయం. కూర్చుని ఉన్నప్పుడు కూడా దడ, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే దానిని భయం అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించండి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. చెప్పందే డాక్టరుకైనా తెలియదు. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ జేబులో ఒక చీటీ ఉండనివ్వండి. ఓపీ దగ్గర ఉన్న మా సిస్టర్లను అడిగితే, మీ వంతు వచ్చేలోపు అది రాసుకోవడానికి సాయం చేస్తారు.