గంతలు కట్టుకుని వెతికారు!

నెల్లూరు చేపల పులుసుకు ఆ రుచి ఎక్కడిది? మామిడికాయదని కొందరు, చింతపండుదని కొందరు. తేల్చాలంటే ఒకటే దారి. అన్నీ ఒకే కొలతలో వేసి రెండు దాకలు వండాలి. ఒకదాంట్లో మాత్రం నాలుగు మామిడి ముక్కలు ఎక్కువ వేయాలి. ఏ దాక ఏదో చెప్పకుండా ఐదుగురికి రుచి చూపించాలి.

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు 2018లో చేసిందీ ఇలాంటిదే. ఆ 'స్టార్' బృందంలోని సంస్థల్లో మన పొరుగునున్నదీ ఒకటుంది. నెల్లూరు నుంచి తిరుపతి వెళ్తుంటే శ్రీకాళహస్తి దాటాక వచ్చే ఏర్పేడు మండలంలోని ఐసర్ అది.

ఇంతకీ వాళ్లు వెతికిందేమిటి? అక్కడ 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న 'రిక్' యంత్రం 2000లో ప్రయోగాలు మొదలుపెట్టింది. బరువైన పరమాణు కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించడం దాని పనిగా ఉండేది. ఆ వేడికి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కుల ద్రవమవుతాయి. కేంద్రకాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఢీకొంటే, రెప్పపాటులో కోటానుకోట్ల వంతుసేపు మహా బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రానికి అది కోటి కోట్ల రెట్లకు పైమాటే!

క్వార్కుల్లో కుడివాటానివి, ఎడమవాటానివి ఉంటాయి. వాటి లెక్క సమానంగా లేకపోతే ఆ క్షేత్రం ధనావేశాన్ని ఒకవైపు, రుణావేశాన్ని మరోవైపు తోసేయాలి. ఇదే కైరల్ మాగ్నెటిక్ ఎఫెక్ట్. ప్రకృతి కుడిఎడమలను సమానంగా చూడని క్షణాలు ఆ ద్రవంలో ఉన్నాయనడానికి అది గుర్తు. విశ్వంలో పదార్థమే ఎందుకు మిగిలిందన్న చిక్కుముడికీ ఇలాంటి ప్రక్రియలే కారణం కావచ్చన్నది ఒక ఊహ.

2009లో బంగారు కేంద్రకాల ఘర్షణల్లో అలాంటి ఆనవాలే కనిపించింది. అయితే కణాలు గుంపుగా ప్రవహించే తీరు వల్లా అది రావచ్చు. అందుకే రెండు దాకల పరీక్ష. రుథేనియం, జిర్కోనియం... రెండు కేంద్రకాల్లోనూ కణాలు 96 చొప్పునే. ప్రోటాన్లు మాత్రం మొదటిదాంట్లో 44, రెండోదాంట్లో 40. అంటే రుథేనియంలో అయస్కాంత బలం కాస్త ఎక్కువన్నమాట. మామిడి ముక్కలు అవే!

రెండింటినీ మార్చిమార్చి ఢీకొట్టించారు. దాదాపు 380 కోట్ల ఘర్షణల సమాచారాన్ని, ఏది ఏ కేంద్రకానిదో చెప్పకుండా ఐదు బృందాల ముందు పెట్టారు. ఏం కనిపిస్తే 'దొరికింది' అనాలో కూడా ముందే రాసిపెట్టుకున్నారు.

2021 ఆగస్టు 31న ఫలితం ప్రకటించారు. ఆ ఆనవాలు లేదు!

అలాగని కథ ముగియలేదు. రెండు దాకలూ అనుకున్నంత సమానం కాదని తేలింది. కేంద్రకాల నిర్మాణంలో తేడా వల్ల వెలువడే కణాల సంఖ్య కొన్ని శాతం మారింది. ఇదే ప్రభావం జిర్కోనియం పెంటాటెల్యురైడ్ స్ఫటికంలో కనిపించిందని 2016లోనే ప్రకటించారు. కేంద్రకాల ఘర్షణల్లో మాత్రం, ఉన్నా అది చాలా చిన్నదే. దానికోసం బంగారం ఘర్షణల సమాచారాన్ని మళ్లీ జల్లెడ పడుతున్నారు.