రాతి గోడకు సున్నమే చుట్టం

ఇంగ్లండు అనగానే మనకు కోటలూ, భవంతులూ గుర్తొస్తాయి. మరి అక్కడ సొంత భూమి దున్నుకునే రైతు ఎలాంటి ఇల్లు కట్టుకున్నాడు? ఉత్తర ఇంగ్లండులో వానలు బాగా పడే లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో, ట్రౌట్‌బెక్ అనే ఊళ్లో 'టౌనెండ్' అనే రాతి ఇల్లుంది. బ్రౌన్ అనే రైతు కుటుంబం తరతరాలుగా, 1943 దాకా ఇందులోనే కాపురం ఉంది. ఇప్పుడది నేషనల్ ట్రస్ట్ అధీనంలో ఉంది.

గోడలకు రాయి ఎక్కణ్ణుంచో తేలేదు. చుట్టుపక్కల దొరికిందే పేర్చారు. పైన సున్నం కొట్టారు. పొగగొట్టాలు గుండ్రంగా ఉంటాయి. ఎందుకంటారా? గుండ్రంగా కడితే మూలలకు చెక్కిన రాయి అక్కర్లేదు. మొరటు రాయితోనే పని జరిగిపోతుంది.

కప్పుకు బడిపిల్లల పలకల జాతి రాయే వాడతారు. పెద్ద పలకలు చూరు దగ్గర, చిన్నవి పైన పరుస్తారు. కిందికి వచ్చేకొద్దీ నీరు ఎక్కువవుతుంది కదా! అక్కడ అతుకులు ఎంత తక్కువుంటే అంత మేలు.

ఇంటికెదురుగా ఉన్న కొట్టం ఇంకా చూడదగ్గది. వాలు నేలకు ఆనించి రెండంతస్తులుగా కట్టారు. పైవైపు నుంచి గడ్డిబండి నేరుగా మేడలోకి పోతుంది. పశువులు కింద ఉంటాయి. మేత మోసే పని లేదు, కిందికి దించుకుంటే చాలు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పాత రాతి గోడ వానకు చెమ్మ పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. సున్నం దానికి దారి ఇస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో చాలా పాత ఇళ్లకు సిమెంటు పూశారు. చెమ్మ లోపలే నిలిచిపోయి గోడలు పాడయ్యాయి. ఆ పూత ఊడగొట్టి మళ్లీ సున్నం వేయించుకోవాల్సి వచ్చింది.

మీ ఇంట్లో మట్టితోనో, గానుగ సున్నంతోనో కట్టిన పాత గోడ ఉంటే, చెమ్మ కనిపించగానే సిమెంటు బస్తా కొనకండి. ముందు నీరెక్కణ్ణుంచి వస్తోందో చూడండి. కప్పు కారుతోందా? గోడ మొదట్లో మట్టి పేరుకుందా? దాన్ని సరిచేసి, సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీని అడగండి. డబ్బూ మిగులుతుంది, గోడా నిలుస్తుంది.