మెట్లకింద పౌడరు గది

మా యింటి ప్లానులో మెట్లకింద ఓ చిన్న చదరం గీసి, ఇంజనీరుగారు అందులో “పౌడర్ రూమ్” అని రాశారు. మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని, “యిందులో పౌడరు యెవరు రాసుకుంటారే అమ్మాయ్?” అన్నారు.

తెలుగు చెప్పుకునే దాన్ని గనుక మాట పుట్టుక తెలిస్తేగాని నాకు నిద్రపట్టదు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు దొరలు విగ్గులమీద తెల్లపొడి చల్లుకునేవారు. కలవారి యిళ్లలో అందుకొక చిన్న గది వుండేది. 1795లో అక్కడి ప్రభుత్వం ఆ పొడి వాడేవారిమీద యేడాదికో గినీ పన్ను వేసింది. పొడీ పోయింది, విగ్గూ పోయింది. యీనాటి పౌడరు గదిలో వుండేది బేసిను, అద్దం, కమోడు.

మాది అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. “చిన్నగదికి తెలుపే అందం, విశాలంగా కనిపిస్తుంది” అన్నారు అందరూ. తెల్లగోడలు, తెల్లనేల, తెల్లబేసిను వేయించాం. చూసినవాళ్లు మల్లెపూవులా వుందన్నారు.

గృహప్రవేశమైన మూడోనెలలో ఓ రాత్రి అత్తగారు ఆ గదిలో పడ్డారు. మణికట్టు యెముక విరిగింది. నీళ్లు హాల్లోకి రాకుండా ఆ గది నేలను రెండంగుళాలు దించారు. ఆ మెట్టు ఆవిడకు ఆనలేదు. “అంతా పాలు పోసినట్టుంది. నేల యెక్కడుందో, గోడ యెక్కడుందో!” అన్నారు. మరొకరైతే నన్ను తిట్టేవారు. ఆవిడ తన కళ్లనే తిట్టుకున్నారు.

తప్పు కళ్లది కాదని తర్వాత తెలుసుకున్నాను. వయసు మళ్లినకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది. తెలుపు పక్కన తెలుపు, నలుపు పక్కన ముదురునీలం విడిగా కనిపించవు. ముదురు పక్కన లేత వుంటేనే వస్తువు అంచు తెలుస్తుంది.

గది మళ్లీ చేయించాలనుకున్నాం. నిగనిగలాడే నల్ల కడపరాయి పరిపిద్దామన్నాను. “నన్ను బావిలోకి దిగమంటావా?” అన్నారు అత్తగారు. నిజమే, చూపు మందగించినవారికి నల్లనేల గొయ్యిలా తోస్తుంది. చివరికి పాలిషు పట్టని తాండూరు బూడిదరంగు రాయి వేయించాం. తడిసినా కాలు పట్టుగా నిలుస్తుంది. మెట్టు అంచుకు పసుపురంగు రాతిపట్టీ వేయించాం. గోడలకు పైకప్పుదాకా జాజురంగు ఆయిలుపెయింటు. దానిమీద తెల్లబేసిను చీకటిరాత్రి చందమామలా కనిపిస్తుంది. పట్టుకుని లేవడానికి గోడకు బిగించిన యిత్తడి కడ్డీ కూడా అంతే.

యిలా చేయించుకునేవారికి రెండు మాటలు. కార్డుమీద చూసిన రంగు చిన్నగదిలో మరింత ముదురుగా తేలుతుంది. నాలుగు గోడలూ ఒకదానిమీదొకటి రంగు విసురుకుంటాయి. అందుచేత ముందు గోడమీద రెండుచదరపుటడుగులు పూయించి, పగలూ రాత్రీ కూడా చూడాలి. ముదురురంగు వెలుతురును మింగుతుంది. నెత్తిమీద ఒక్క దీపం చాలదు. అద్దానికి అటూ యిటూ చెరొకటి వుంటే ముఖంమీద నీడ పడదు. రంగు గట్టిదైనప్పుడు పువ్వులూ తీగెలూ అక్కర్లేదు.

యీ రంగులు నేను కనిపెట్టినవి కావు. పాతయిళ్లలో గోడ అడుగున జాజుపట్టె, పైన సున్నం వుండేవి. గడపకు పసుపు, దానిమీద కుంకుమబొట్లు. శాస్త్రమేదైనా, మసకచీకటిలో కాలికి గడప తెలిసేది. తెల్లగా వుంటేనే నాగరికమని ఆ తెలివిని మేం చేజేతులా తుడిచేసుకున్నాం.

యిప్పుడు వచ్చిన చుట్టాలు ఆ గది చూసి, “యెంత ధైర్యమండీ మీకు!” అని నా అభిరుచిని మెచ్చుకుంటారు. అత్తగారు అర్ధరాత్రి యెవరినీ లేపకుండా తానే వెళ్లివస్తారు. మొన్న శుక్రవారం చూద్దును గదా, మెట్టు అంచున పసుపుపట్టీమీద అయిదు కుంకుమబొట్లు! “అక్కడెందుకండీ?” అన్నాను.

“గడప కాదుటే?” అన్నారు.