రాకెట్టు పైకి పోయిన చాలునా?

మెట్రో రైలులో దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్‌.బి.నగర్ పోవు దారిని ఆకాశమున నిలువుగా నిలిపినట్లు ఊహింతము. విద్యార్థుల పోటీలలో రాకెట్టు చేరవలసిన 10,000 అడుగుల ఎత్తు, అనగా మూడు కిలోమీటర్ల పైచిలుకు, ఇంచుమించు అంతటిది.

అమెరికాలో 2006లో ఆరంభమైన ఇట్టి అంతర్విశ్వవిద్యాలయ పోటీలో మిక్కిలి ఎత్తుకు ఎగురుట ఘనత కాదు. నిర్ణయించిన ఎత్తునకు ఎంత చేరువైనది, చెక్కుచెదరక దిగినదా అనునవి చూచి మార్కులు వేయుదురు.

రాకెట్టు గరిమనాభి ముందుండవలెను. గాలి ఒత్తిడి కేంద్రము దాని వెనుక నుండవలెను. తోకకు రెక్కలు తొడుగుట అందులకే. లేనిచో తోకలేని గాలిపటము వలె పల్టీలు కొట్టును.

శిఖరము చేరినంతనే పారాచూటు విచ్చుకొనవలెను. విచ్చుకొననిచో నెలల శ్రమ నేలపాలగుటయే కాదు, క్రిందివారి ప్రాణములకే ముప్పు. కావున లెక్కలు ఇంటి గదిలో వేయవచ్చును గాని, ప్రయోగమునకు జనావాసములు లేని చోటును, అనుమతియు కావలెను.

హైదరాబాదు సంస్థ స్కైరూట్ నిర్మించిన విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి 89.5 కిలోమీటర్ల ఎత్తు కెగసినది. అందు విద్యార్థులు కూర్చిన ఉపకరణమును ఒకటి పయనించినది. ఆ బాట పట్టదలచిన యువకులకు మేము చేయు మనవి ఒక్కటే: పారాచూటు మడుచునపుడు తొందరపడకుడు.