కాదనగలిగిన పాత్రలు

ఆస్టేరియన్ అందగాడు, మాటకారి, పచ్చి అబద్ధాలకోరు. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023లో విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్ 3' వీడియోగేమ్‌లో ఆటగాడి వెంట నడిచే సహచరుల్లో ఒకడు. రక్తం తాగి బతికే పిశాచి. కజడోర్ అనే క్రూరుడి దగ్గర 200 ఏళ్లు బానిసగా పడి ఉన్నాడు. తన అందాన్ని ఎరగా వేసి, మనుషుల్ని నమ్మించి తెచ్చి ఆ యజమానికి అప్పగించడం అన్నాళ్లూ అతని పని. ఆటగాడితోనూ అదే అలవాటుగా సరసాలు మొదలుపెడతాడు. మురిసిపోయి మనసిచ్చిన ఆటగాడికి చాలా గంటల ఆట తర్వాత గానీ అసలు సంగతి తెలియదు. ప్రాణం కాపాడుకోవడానికే వలపు నటించానని, ఇప్పుడది నటనగా మిగల్లేదని అతనే ఒప్పుకుంటాడు.

ఇక్కడి నుంచి ఆట ఆటగాణ్ణి పరీక్షిస్తుంది. ఆస్టేరియన్‌కు శారీరకమైన దగ్గరితనం అంటేనే పాత గాయాలు గుర్తొస్తాయి. ఆ మాట చెప్పినప్పుడు ఆగగలిగినవాళ్లకు అతను మరింత దగ్గరవుతాడు. చివరికి కజడోర్ కోటలో ఒక ఘోరమైన క్రతువు సిద్ధంగా ఉంటుంది. 7,000 ప్రాణాలను బలిస్తే ఆస్టేరియన్ మహాశక్తిమంతుడవుతాడు, ఎండలో తిరగగలుగుతాడు. సాయం చేయమని బతిమాలతాడు. చేస్తే, ఆ తర్వాత ప్రేమించిన మనిషినే తన సొత్తులా చూస్తాడు. వద్దని ఒప్పిస్తే బలం దక్కదు, కథ ముగిసేసరికి వెలుగుకు దూరమై నీడల్లోకి పరుగెత్తాల్సి వస్తుంది. కానీ మనిషి మిగులుతాడు. ప్రేమించినవాడు అడిగింది ఇవ్వాలా, అతనికి మేలు చేసేది ఇవ్వాలా అన్న ప్రశ్నను ఇంత సూటిగా చేతికిచ్చిన కథలు తక్కువ. ఆ పాత్రకు గొంతూ కదలికలూ ఇచ్చిన నీల్ న్యూబన్ 2023 గేమ్ అవార్డుల్లో ఉత్తమ నటుడిగా నిలిచాడు.

పాత్ర మీద మనసు పారేసుకోవడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల రాసినప్పుడు అందులోని రాజశేఖరం ఎందరికో కలల నాయకుడయ్యాడు. నాయిక జయంతి ఎప్పుడు మనసు విప్పుతుందా అని పాఠకులు ఎదురు చూశారు. ఎదురు చూడటం వరకే వాళ్ల వంతు. స్టోరీ గేమ్‌లో జయంతి స్థానంలో ఆడేవాళ్లే ఉంటారు. మాట వాళ్లదే, మౌనం వాళ్లదే, దాని ఫలితమూ వాళ్లదే. అందుకే ఆట ముగిశాక కూడా కొందరు గేమర్లు ఆ పాత్రల గురించి బంధువుల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు.

ఈ ప్రేమలు తెర వెనుక నడిచేది మాత్రం అంకెల మీదే. ప్రతి పాత్రకూ ఆటగాడి మీద ఇష్టం ఎంతో ఆట లెక్క రాసుకుంటుంది. నచ్చే మాట అంటే పెరుగుతుంది, నచ్చని పని చేస్తే తగ్గుతుంది. జపాన్‌లో కోనామి సంస్థ 1994లో తెచ్చిన 'టోకిమెకి మెమోరియల్' ఈ పద్ధతికి పేరు తెచ్చింది. అందులో మూడేళ్ల హైస్కూలు చదువు సాగిస్తూ తోటి విద్యార్థినుల మనసు గెలవాలి. ఒకరిని మరీ పట్టించుకోకపోతే ఆమె పేరు పక్కన బాంబు బొమ్మ పడుతుంది. అది పేలితే మిగతావాళ్ల దగ్గరా పరువు పోతుంది. సరదా ఆటే, కానీ మనుషులు అక్కడ మార్కుల జాబితాగా కనిపిస్తారు. కెనడాకు చెందిన బయోవేర్ 2009లో చేసిన 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లోనూ కానుకలు ఇస్తూ పోతే ఇష్టం పెరుగుతుంది. ఎక్కువ ఆటలు ఈ పద్ధతి దగ్గరే ఆగిపోయాయి. సరైన జవాబులు వరసగా ఎంచుకుంటే ప్రేమ బహుమతిలా చేతికొస్తుంది. అలాంటి ప్రేమ ఎక్కువ కాలం గుర్తుండదు.

అదే 'ఆరిజిన్స్'లో అలిస్టర్ ఇందుకు మినహాయింపు. కబుర్లతో నవ్వించే యువ సైనికుడు, దాచిపెట్టిన రాజకుమారుడు. సింహాసనం అంటే భయం. ఆడేవాళ్లు నడిపే నాయికకు ఒక గులాబీ ఇచ్చి తడబడుతూ మనసు చెబుతాడు. అతని గురువూ, అన్న అయిన రాజూ యుద్ధరంగంలో చనిపోవడానికి కారణమైన లొగైన్ అనే సేనాపతి చివర్లో చేతికి చిక్కుతాడు. యుద్ధానికి పనికొస్తాడని నాయిక అతన్ని క్షమించి తమ దళంలో చేర్చుకుంటే అలిస్టర్ వెళ్లిపోతాడు. అంతవరకూ ఎన్ని కానుకలిచ్చినా, ఎంత ప్రేమ పెంచుకున్నా ఆగడు. పోనీ అతన్నే రాజును చేస్తే మరో చిక్కు. నాయిక పెద్దింటి బిడ్డ కాకపోతే, రాజధర్మం పేరు చెప్పి ప్రేమను తెంచుకునే అవకాశం ఎక్కువ. కిరీటానికీ కాపురానికీ మధ్య ఈ లాగుడు ఆట కోసం పుట్టింది కాదు. నిజ జీవితంలో ఆ రెండూ నిలుపుకున్న జంటను సికింద్రాబాద్ బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి చూసింది. బ్రిటన్ రాణి ఎలిజబెత్, ఫిలిప్ దంపతులు 1983 నవంబరు 20న, తమ 36వ పెళ్లిరోజున, అక్కడి ప్రార్థనలో పాల్గొన్నారు. అలిస్టర్‌కు ఆ దారి తెరవాలంటే ఆడేవాళ్లు చాలా ముందు నుంచే ఆలోచించి నడవాలి.

పాత్ర తన మాట మీద నిలబడి 'కాదు' అనగలిగినప్పుడే 'అవును'కు విలువ. 'ది విచర్ 3' (2015) ఈ సంగతి నవ్విస్తూనే చెబుతుంది. ఆ ఆట నాయకుడు గెరాల్ట్ ఇద్దరు మంత్రగత్తెలకూ ప్రేమ ప్రకటిస్తే, వాళ్లిద్దరూ కలిసి అతన్ని మంచానికి కట్టేసి పోతారు. ఇక ఆ కథలో అతనికి ఎవరూ దక్కరు.

కత్తులూ పిశాచాలూ లేని ప్రేమకథ కావాలంటే 'ఫ్లోరెన్స్' ఉంది. అంతకుముందు 'మాన్యుమెంట్ వ్యాలీ' రూపకల్పనకు నాయకత్వం వహించిన కెన్ వాంగ్, మెల్‌బోర్న్‌లో తన బృందంతో దీన్ని చేశాడు. 2018 ఫిబ్రవరి 14న ఫోన్లలోకి వచ్చింది. ముప్ఫై, నలభై నిమిషాల్లో అయిపోతుంది. మేడ్చల్ నుంచి బొల్లారం మీదుగా సికింద్రాబాద్ చేరే ఎంఎంటీఎస్ ప్రయాణంలోనే చాలా వరకు ఆడేయవచ్చు. ఆఫీసు, ఫోను, అమ్మతో పొడిపొడి మాటలు - ఇంతే బతుకుగా ఉన్న ఫ్లోరెన్స్ అనే పాతికేళ్ల అమ్మాయి ఒక రోజు వీధిలో చెల్లో వాయించే క్రిష్‌ను కలుస్తుంది. క్రిష్ భారతీయ మూలాలున్న కుర్రాడు.

వాళ్లు మాట్లాడుకునేటప్పుడు తెర మీద అక్షరాలు కనిపించవు. మాట బుడగ ముక్కలుగా ఉంటుంది, ఆడేవాళ్లు అతికించాలి. మొదటి పరిచయంలో ముక్కలు ఎక్కువ, మాట కుదరడానికి సమయం పడుతుంది. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి, చివరికి ఒక్క ముక్కతోనే మాట పూర్తవుతుంది. పోట్లాట వచ్చినప్పుడు ఆ ముక్కల అంచులు పదునెక్కుతాయి. అవతలివారి కంటే ముందే అతికించాలన్న తొందర వేలికి దానంతట అదే వస్తుంది. ప్రేమలో మాట ఎలా తేలికై ఎలా బరువెక్కుతుందో వివరణ ఒక్కటీ లేకుండా వేలికే తెలిసిపోతుంది. ఇది సినిమాకూ నవలకూ సాధ్యం కాని పని.

క్రిష్ ఆమె ఇంటికి మారినప్పుడు అల్మరాల్లో అతని వస్తువులకు చోటు చేయాలి. ఆమెవి ఏవి తీయాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. తర్వాత అతను వెళ్లిపోయేటప్పుడు అవే వస్తువుల్ని ఏరి పెట్టెలో పెట్టాలి. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా నల్ల ట్రంకు పెట్టెల్లో సంసారం సర్దుకునే సైనిక కుటుంబాలకు ఆ పని అలవాటే. ఇక్కడ సగం సామాను ఇంట్లోనే ఉండిపోతుంది, అదీ తేడా. విడిపోవడం ఎవరి తప్పు అని ఆట ఎక్కడా చెప్పదు. ఫ్లోరెన్స్ మళ్లీ రంగులు పట్టి బొమ్మలు వేసుకుంటుంది, ఆమెకు రంగుల పెట్టె ఇచ్చింది క్రిషే. 2019లో దీనికి ఉత్తమ మొబైల్ గేమ్‌గా బాఫ్టా అవార్డు వచ్చింది. దీన్ని ప్రచురించిన అన్నపూర్ణ ఇంటరాక్టివ్ అమెరికా సంస్థ, మన అన్నపూర్ణ స్టూడియోస్‌తో సంబంధం లేదు.

దక్షిణాది ఇంటి వాసన ఉన్న ఆట కోసం వెతికేవాళ్లకు 'వెన్‌బా' (2023) ఉంది. 1980ల చివర్లో కెనడా చేరిన తమిళ దంపతులు వెన్‌బా, పావలన్‌ల కథ ఇది. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి ఉంటుంది. చెరిగిన రాతల్ని ఊహించుకుంటూ ఇడ్లీ లాంటి వంటలు వండటమే ఆట. ఉద్యోగం దొరక్క కుంగిన భర్తా, ఇంటి భాష మాట్లాడటానికి సిగ్గుపడే కొడుకు కవిన్, మధ్యలో స్టవ్ దగ్గర ఆమె. ఇందులో రొమాన్స్ ఆప్షన్లు లేవు. పళ్లెంలో వడ్డించిన దాని వెనుక ఎంత ప్రేమ ఉందో వండుతున్నకొద్దీ ఆడేవాళ్లకే అర్థమవుతుంది.

కొత్తగా ఆడేవాళ్లు 'ఫ్లోరెన్స్', 'వెన్‌బా'తో మొదలుపెట్టడం మంచిది, రెండూ చిన్నవి, ఇంట్లో పిల్లలు పక్కన కూర్చున్నా ఇబ్బంది లేదు. 'బాల్డర్స్ గేట్ 3' మాత్రం పెద్దలకు ఉద్దేశించినది. దానికి మంచి కంప్యూటరో కన్సోలో కావాలి, పదుల గంటల తీరిక కావాలి. ఆస్టేరియన్ మొదటి రాత్రి చెప్పే తీపి మాటల్ని అప్పుడే నమ్మకండి.